ఒక చుట్టుకు నాలుగు సెంటీమీటర్లు

బెంగళూరు,
22 జనవరి 2006

చిన్నాయనకు కృప వందనాలు.

పోయిన ఆదివారం ఫోన్ చేస్తే నీకు సగం మాటలు కూడా వినపడలేదు. నేను టైర్ల గురించి అడుగుతుంటే నువ్వు ఊర్లో వాళ్ళ క్షేమాలు చెబుతూ పోయావు. ఆ బోరు బండి మోత నీ చెవులను తినేసిందని అమ్మ అంటూనే ఉంటుంది. అందుకే ఈ ఉత్తరం. తాపీగా చదువుకుని జవాబు రాయి.

నేను పనిచేసే గ్యారేజీ యజమాని ఆంజనేయులన్నది మన కళ్యాణదుర్గం అని చెప్పాను కదా. మామూలు కార్లతో పాటు ఇక్కడికి పందెపు కార్లు కూడా వస్తాయి. ఈ నెల మొదట్లో అభిలాష్ అనే ఆయన ఒక జపాను కారు తెచ్చాడు. అనంతపురంలో వాళ్ళకు నూనె మిల్లులున్నాయి. చూడ్డానికి మామూలు కారులాగే ఉంటుంది గానీ నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందుతుంది. నువ్వు తోలిన జీపులో లాగా లివరు వేసే పని లేదు, ఎప్పుడూ నాలుగూ లాగుతూనే ఉంటాయి. మద్రాసు దగ్గర ఒక ట్రాక్ ఉంది. నెలకో ఆదివారం ఎవరి కారు వాళ్ళు తెచ్చుకుని దాని మీద తోలుకోవచ్చు. పందెం కాదు, కానీ ఎవరు ఎన్ని సెకన్లలో చుట్టి వచ్చారో అందరూ చూసుకుంటారు. అక్కడ ఈయన స్నేహితుడి కారు ముందు నిలవలేకపోయాడట. ఆ స్నేహితుడి కారుకు వెనక టైర్లు వెడల్పు. అది చూసి వచ్చి తన కారుకూ అలాంటివే కొన్నాడు.

కంపెనీ నాలుగు చక్రాలకూ ఒకటే సైజు ఇచ్చింది, 225/45/17. అంటే వెడల్పు 225 మిల్లీమీటర్లు, టైరు గోడ ఎత్తు అందులో నూటికి నలభై ఐదు వంతులు, రిమ్ము పదిహేడు అంగుళాలు. ఈయన తెచ్చినవి ముందుకు 215/45, వెనక్కు 255/40. స్నేహితుడి కారులో ఇంజను బలం వెనక చక్రాలకే పోతుంది, దానికి అది సరిపోతుంది. దీనికి సరిపోదేమోనని నాకు అనుమానం. డిప్లొమాలో దీని గురించి ఒక పేరా చదివాను, అంతే. నువ్వు నాలుగు చక్రాల జీపు ఏళ్ళ తరబడి తోలినవాడివి. ముందూ వెనకా వేరు వేరు టైర్లు వేస్తే ఏమవుతుంది?

ఈ పని పిచ్చి నాకు అంటించింది నువ్వే. పదేళ్ళప్పుడు నీ పంచరు షాపులో ట్యూబుకు ప్యాచీ వేయించావు. కాబట్టి తప్పించుకోకుండా చెప్పు. ఆ కారు షెడ్డులో నిలబడి ఉంటే నాకు కాలు ఒకచోట నిలవడం లేదు.

కృప

*

నల్లమాడ,
3 ఫిబ్రవరి 2006

పాపా కృపా,

నీ ఉత్తరం అందింది. ఇక్కడ అందరం బాగున్నాం. మీ అమ్మ రామక్క వదిన మోకాళ్ళకు నూనె రాసుకుంటూ ఉంది. పోయిన పంట కారులో శనక్కాయ గింజ పట్టలేదు, పొట్టు మాత్రం పట్టింది. ట్రాక్టర్లు ఎక్కువగా తిరగడం లేదు కాబట్టి నాకూ పంచర్లు తక్కువ.

నువ్వు అడిగినదానికి జవాబు. నాలుగూ ఒకే కొలతవి ఉండాలి. టైరు మీద రాసిన నంబరును నమ్మవద్దు. కారును నేల మీద నిలబెట్టి, టైరు నేలను తాకే చోట టైరుకూ నేలకూ సుద్దముక్కతో గీత పెట్టు. టైరు మీది గీత మళ్ళీ నేలకు వచ్చేదాకా బండిని నెట్టు. అక్కడ నేల మీద ఇంకో గీత పెట్టు. ఆ రెండు గీతల మధ్య టేపుతో కొలువు. ముందుదీ వెనకదీ అట్లే కొలువు. టైరు నిజం అప్పుడు చెబుతుంది.

కొలిచి ఊరుకో. పెద్దవాళ్ళ బండ్లు, పెద్దవాళ్ళ ఇష్టాలు. ఆంజనేయులన్న చెప్పినట్టు చెయ్యి. ఆడపిల్లకు ఆ పని దొరకడమే గొప్ప. నోరు చేసుకుని పోగొట్టుకోవద్దు.

జీపు సంగతులు నాకు ఇప్పుడు గుర్తు లేవు.

యేసన్న

*

బెంగళూరు,
20 ఫిబ్రవరి 2006

చిన్నాయనకు కృప వందనాలు.

నువ్వు చెప్పినట్టే కొలిచాను. ముందు టైరు ఒక చుట్టుకు 193 సెంటీమీటర్లు నడిచింది. వెనకది 197. నాలుగు సెంటీమీటర్లే కదా అనిపించింది. కాగితం మీద లెక్క వేస్తే, కిలోమీటరు పోయేసరికి ముందు చక్రాలు వెనక వాటికంటే పది చుట్లు ఎక్కువ తిరగాలి. ఆ పది చుట్ల తేడాను ముందుకూ వెనక్కూ బలం పంచే మధ్య గేర్ల డబ్బా ఎట్లాగో సర్దుకోవాలి. మలుపుల్లో కాసేపు తేడా రావడం మామూలే, దానికే ఆ డబ్బా ఉంది. కానీ ఇది నేరుగా పోతున్నా ఆగకుండా వచ్చే తేడా.

ఆంజనేయులన్నకు కాగితం చూపించాను. "బండి ఆయప్పది, టైర్లు ఆయప్పవి. మనం బిగియ్యల్ల, అంతే" అన్నాడు. బిగించాను. నువ్వు కూడా అదే రాశావు కదా.

పన్నెండో తేదీ ట్రాక్‌కు నేనూ వెళ్ళాను. మలుపు దగ్గర స్టీరింగు తిప్పితే కారు తిరగకుండా నేరుగా గడ్డిలోకి పోవాలని చూస్తుంది. ముందు టైర్లు సన్నవి, వెనకవి వెడల్పు, పట్టంతా వెనకే. ఐదు చుట్లకు లోపలికి వస్తే మాడిన నూనె వాసన. కింద దూరి ఆ డబ్బా మీద చేయి పెట్టబోయి వెనక్కు తీసుకున్నాను. నెమ్మదిగా మలుపు తిప్పుతుంటే గొలుసుతో కట్టేసిన దూడలా గుంజుకుంటూ నడిచింది. అభిలాష్ మాత్రం సంతోషంగా ఉన్నాడు. నేరు దారిలో స్నేహితుడిని దాటాడట. కారు ఎలా ఉందని నన్ను అడిగాడు కూడా. బాగుందన్నాను.

నూనె మారిస్తే సరిపోతుందని ఆంజనేయులన్న అంటున్నాడు. మళ్ళీ మార్చి 26న వెళ్తారు. ఈసారి అభిలాష్ చెల్లెలు రేఖ పక్క సీట్లో కూర్చుంటుందట. కాలేజీ పిల్ల. నిన్న గ్యారేజీకి వచ్చి హెల్మెట్ తలకు సరిపోతుందో లేదో చూసుకుని వెళ్ళింది.

చిన్నాయనా, ఒక్కటి చెప్పు. ఆ డబ్బా ఊరికే వేడెక్కుతుందా, విరుగుతుందా? విరిగితే ఏమవుతుంది? జీపు సంగతి గుర్తు లేదని రాశావు. ఏ ట్రాక్టరుకు ఏ ఏడు ఏ టైరు వేశావో చెప్పగలవు. జీపు ఎట్లా మర్చిపోతావు?

కృప

*

నల్లమాడ,
6 మార్చి 2006

పాపా,

నీ ఉత్తరం వచ్చి పది రోజులైంది. నాలుగు సార్లు రాయడం మొదలుపెట్టి చించేశాను. ఈసారి చించకుండా పోస్టు డబ్బాలో వేసి వస్తాను.

విరిగితే ఏమవుతుందని అడిగావు. మనిషి పోతాడు. మీ నాయన అట్లే పోయాడు.

మంద నుంచి ఒక ఎనుము అడ్డం వచ్చి జీపు బోల్తా పడిందని పోలీసులకు చెప్పాను, మీ అమ్మకు చెప్పాను. నీకు ఊహ వచ్చాక నీకూ చెప్పాను. ఎనుము లేదు.

అది ఎనభై ఆరు. వానలు లేక ఎక్కడ చూసినా బోర్లు వేయిస్తున్నారు. తిప్పయ్య అని బోరు బండి యజమాని ఉండేవాడు. నాలుగేళ్ళ కింద చనిపోయాడు. లారీ మీద బోరు మిషను ముందు పోయేది, పైపులూ మనుషులూ వెనక జీపులో. జీపుకు డ్రైవరు నేను. మీ నాయన ఎర్రన్న పైపులు దించే పనిలో ఉండేవాడు. అన్నదమ్ములం ఒకే బండిలో పోయి ఒకే బండిలో వచ్చేవాళ్ళం.

ఆగస్టులో జీపు వెనక టైర్లు రెండూ పోయాయి. తిప్పయ్య ఇంకేదో బండివి తెచ్చి వేయించాడు. అవి ముందువాటికంటే ఎత్తు. ముందువి చూస్తే అరిగిపోయి ఉన్నాయి. ఇసుక వంకలు దాటాలంటే నాలుగు చక్రాల లివరు వేయాలి. ఇసుకలో చక్రం జారుతుంది కాబట్టి తేడా తెలియదు. దాటి తారు రోడ్డు ఎక్కాక లివరు తీయబోతే రాదు. ముందుకూ వెనక్కూ మధ్య బలం మోసే ఇనుప షాఫ్టు పిండిన గుడ్డలా మెలి తిరిగి పట్టేసుకుంటుంది. బండిని కొంచెం వెనక్కు తీస్తే గానీ వదలదు. ఇది నాకు మొదటి రోజే అర్థమైంది. తిప్పయ్య ఇంటి ముందు నిలబడి చెప్పాను. "పెద్ద ఇంజనీరువి అయినావే. తోలేకి ఇష్టం ల్యాకుంటే బీగాలు ఈడ పెట్టి పో" అన్నాడు. నేను బీగాలు పెట్టలేదు, ఆ తాళాలు జేబులో వేసుకుని వచ్చేశాను.

మూడో రోజు వంక దాటి రోడ్డెక్కాము. లివరు పట్టేసింది. ఆగి వెనక్కు తీయాలి. ముందు లారీలో తిప్పయ్య హారన్ మీద చేయి తీయడం లేదు. ఆగకుండా ఎనిమిది కిలోమీటర్లు అట్లే తోలాను. కింద నుంచి మూలుగు వినపడుతూనే ఉంది. దిగుడు మలుపులో ముందు షాఫ్టు తెగింది. తెగిన కొన రోడ్డుకు గుచ్చుకుంది. జీపు దాని మీద లేచి తిరగబడింది. నాకూ ఇంకో ఇద్దరు పనివాళ్ళకూ గీరుకుపోయిందంతే. అన్న పైపుల కింద ఉన్నాడు. మేము పైపులు తీసేసరికి అయిపోయింది.

తిప్పయ్య వచ్చి జీపు కిందికి వంగి చూశాడు. లేచి నాతో, "ఎనుము అడ్డమొచ్చిందని చెప్పు యేసన్నా. ల్యాకుంటే లోపలికి పోయేది నువ్వే" అన్నాడు. చెప్పాను. ఆ రోజు నుంచి ఏ బండి స్టీరింగూ పట్టుకోలేదు.

ఆంజనేయులన్న చెప్పినట్టు చెయ్యి అని నీకు రాసింది నేనే. ఆ మాట తీసేయి. ఆ అభిలాష్‌కు చెప్పు. ఆ పిల్లను ఎక్కనివ్వవద్దు. పని పోతే పోనీ.

యేసన్న

*

బెంగళూరు,
13 మార్చి 2006

యేసన్నకు,

ఉత్తరం అందింది.

మూడు రోజులు పనికి పోలేదు. ఒంట్లో బాగాలేదని చెప్పాను. మెజెస్టిక్ బస్టాండుకు వెళ్ళి కదిరి బస్సు ఎక్కి, అది కదిలే ముందు దిగిపోయాను. మరుసటి రోజు మళ్ళీ ఎక్కి మళ్ళీ దిగాను. వచ్చి నీ ముందు నిలబడితే ఏమంటానో నాకే తెలియదు. రూములో కూర్చోలేక యశవంతపురం దాకా నడిచి వచ్చాను. మళ్ళీ నడిచాను.

నాకు నాయన ముఖం గుర్తు లేదు. నువ్వు చెప్పిందే నాకు నాయన. ఇప్పుడు నువ్వు చెప్పిన మిగతావాటిలో ఏది నిజమో ఏది కాదో ఎట్లా తెలుస్తుంది?

ఒక్కటి అడుగుతున్నాను. ఆ టైర్ల సంగతి నాయనకు తెలుసా? తెలిసే ఎక్కాడా?

అమ్మకు నేను చెప్పను. అది నువ్వు చెప్పాల్సింది.

కృపాకుమారి

*

నల్లమాడ,
17 మార్చి 2006

కృపకు,

తెలుసు.

ఆ రోజు పొద్దున జీపు ముందు నిలబడి వెనక టైరు మీద అరచేయి పెట్టి చూశాడు. "యేసా, ఇది దీని టైరు కాదురా. బండి తియ్యనని చెప్పు. నేనూ నీతోనే నిలబడతా" అన్నాడు. నేను "రేపు చెప్తాలే అన్నా" అన్నాను. ఎక్కి స్టార్టు చేశాను. ఆయన వెనక ఎక్కాడు. నేను ఎక్కినందుకు ఎక్కాడు.

మిగతావి నిజమే. పాటలు బాగా పాడేవాడన్నదీ, నిన్ను భుజం మీద ఎక్కించుకుని పోలేరమ్మ జాతరకు తీసుకుపోతే పాస్టరుతో మాట పడ్డాడన్నదీ నిజమే. అబద్ధం ఆ ఒక్కటే చెప్పాను.

వదినకు చెబుతాను.

యేసన్న

*

బెంగళూరు,
27 మార్చి 2006

యేసన్నకు,

నీ ఉత్తరం ఇరవై ఒకటిన వచ్చింది. మరుసటి రోజు అభిలాష్ కారు తీసుకుపోవడానికి వచ్చాడు. రేఖ కూడా వచ్చింది. ఆంజనేయులన్న లోపల ఫోన్లో ఉన్నాడు. నేను బీగం ఇవ్వలేదు. ఐదు నిమిషాలు ఉండమని అడిగాను.

సుద్దముక్క తీసి గీతలు పెట్టాను. రేఖను టేపు కొస పట్టుకోమన్నాను. ముందుదీ వెనకదీ కొలిచి నేల మీదే రాశాను. కిలోమీటరుకు పది చుట్ల లెక్క చెప్పాను. అభిలాష్ నవ్వి, ఆ మాత్రం దానికి ఏం కాదులే, పోయినసారి కాలేదు కదా అన్నాడు. అప్పుడు డబ్బా కింద పళ్ళెం పెట్టి నూనె దించాను. పోయిన నెల ట్రాక్ నుంచి వచ్చాక పోసిన కొత్త నూనె అది. తర్వాత కారు రోడ్ల మీద తిరిగిందే గానీ ట్రాక్‌కు పోలేదు. నల్లగా ఉంది. తెల్ల గుడ్డ మీద కొంచెం పోసి ఎండలోకి పట్టుకెళితే గుడ్డంతా ఇనుప రజను మెరిసింది. అది చూడ్డానికి ఎవరికీ డిప్లొమా అక్కర్లేదు.

రేఖ ఆ గుడ్డను చాలాసేపు చూసి, హెల్మెట్ బెంచీ మీద పెట్టేసింది. ఆంజనేయులన్న బయటికి వచ్చి నూనె చూసి నా మీద అరవబోయాడు. అభిలాష్ ఆయనను ఆపాడు. నా వైపు తిరిగి అడిగాడు.

"నువ్వు దీన్ని ఎప్పుడు కొలిచినావు?"

"ఫిబ్రవరిలో."

"బిగించక ముందా?"

"ముందే."

"మరి ట్రాక్ మీద బాగుండాదంటివే. నేను అడిగితిని కదా నిన్ను."

 భయపడినానని చెప్పాను. పని పోతుందని భయపడినా అన్నాను.  ఇద్దరూ ఆటో ఎక్కి వెళ్ళిపోయారు. కారు షెడ్డులోనే ఉంది.

ఫిబ్రవరిలో ట్రాక్ మీద ఆయన ఒక్కడే ఐదు చుట్లు తోలాడు. తెలిసీ నేను కంచె పక్కన నిలబడి చూశాను. ఏమీ కాలేదు కాబట్టి ఇప్పుడు ఉత్తరం రాస్తున్నాను. అయి ఉంటే నేను ఏం చెప్పేదాన్నో నాకు తెలుసు. టైర్లు కొలిచిన కాగితం నా పర్సులోనే ఉంది. దాన్ని చించేసి ఉండేదాన్ని.

ఇది రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. నిన్ను తిట్టాలనే కాగితం తీశాను.

ఆంజనేయులన్న నన్ను కార్లు కడిగే వైపుకు మార్చాడు. "నాకు చెప్పిండల్ల నువ్వు" అంటాడు. చెప్పినా కదన్నా, కాగితం కూడా చూపించినా అంటే, "గట్టిగా చెప్పిండల్ల" అంటాడు.

కృప

*

నల్లమాడ,
8 ఏప్రిల్ 2006

పాపా కృపా,

వదినకు చెప్పాను.

మధ్యాహ్నం పూట చింతపండు కొడుతూ అరుగు మీద కూర్చుని ఉంది. ఎదురుగా కూర్చుని మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. టైర్ల సంగతి, తిప్పయ్య మాట, అన్న చెప్పిన మాట, నేను రేపు అన్న మాట. ఆమె కొట్టడం ఆపలేదు. గింజలు ఒక పక్కకూ పండు ఒక పక్కకూ వేస్తూనే ఉంది. నేను ఆగాక అప్పుడు మాట్లాడింది.

"ఎనుము లేదని నాకు అప్పుడే తెలుసు. ఆయప్ప మట్టి అయినాక మూడో దినం ఆడికి నడిచిపోయినా. తార్రోడ్డులో గునపంతో పొడిచినట్ల గుంత పడిండె. ఎనుము రోడ్డుకు గుంత పొడుస్తుందా?"

మరి నన్ను ఎందుకు అడగలేదు వదినా అన్నాను.

"నువ్వే చెప్తావని చూసినా. ఇరవై ఏండ్లు చూసినా."

చేట ఎత్తుకుని లోపలికి పోయి తలుపు వేసుకుంది. రోజూ మధ్యాహ్నం వదిన దగ్గరి నుంచి నా షాపుకు అన్నం గిన్నె వచ్చేది. ఆ రోజు నుంచి రావడం లేదు. నేనే వండుకుంటున్నాను. వీధిలో ఎదురైతే నన్ను చూడకుండా పోతోంది. షాపులో ఒక పని మొదలుపెడితే ఇంకో పని దగ్గర తేలుతున్నాను. నిన్న ఒకరి ట్యూబుకు పంచరు లేని చోట ప్యాచీ వేశాను.

నువ్వు ఫిబ్రవరి సంగతి రాశావు. నాతో పోల్చుకోవద్దు. నువ్వు ఒక నెల ఆలస్యం చేశావు, అంతే.

ఆ కారుకు ఏ టైర్లు వేయాలని చూస్తున్నారు? నాలుగూ వెడల్పువి వేయాలని చూస్తే ముందు స్టీరింగు రెండు వైపులా చివరి దాకా తిప్పి చూడండి. లోపల తగలవచ్చు.

యేసన్న

*

బెంగళూరు,
25 ఏప్రిల్ 2006

చిన్నాయనకు,

అభిలాష్ రెండు వారాలు రాలేదు. వచ్చినరోజు ఆంజనేయులన్నతో మాట్లాడి నేరుగా నీళ్ళ గొట్టం పట్టుకుని ఉన్న నా దగ్గరికి వచ్చాడు. "ఏం టైర్లు వెయ్యల్లనో నువ్వే చెప్పు. బాగుండాదని మాత్రం చెప్పాకు" అన్నాడు. ఆంజనేయులన్న గొట్టం తీసుకుని నన్ను లోపలికి పొమ్మన్నాడు. 

ముందు ఆ డబ్బా విప్పాము. లోపల తిరిగే ఇనుప పలకలు వేడికి నీలం రంగుకు తిరిగాయి, రెండింటికి పగుళ్ళు. ఇంకో ఐదారు చుట్లు తోలి ఉంటే పట్టేసేది. మలుపులో పట్టేసి ఉంటే నాలుగు చక్రాలూ ఒకేసారి మాట వినడం మానేసేవి. అన్నీ మార్చి కొత్తవి వేశాము, పగిలిన పలక ఒకటి అభిలాష్ అడిగి తీసుకుపోయాడు.

తర్వాత టైర్లు. ఆయనకు వెడల్పు మీద మనసు చావలేదు. నాలుగూ 255/40 వేద్దామన్నాడు. ఒక జత ముందు పెట్టి నువ్వు చెప్పినట్టు స్టీరింగు చివరిదాకా తిప్పితే లోపలి ప్లాస్టిక్కును గీరింది. పైగా మా దగ్గరున్న రిమ్ముకు ఆ టైరు మరీ వెడల్పు, గోడ మడతపడుతుంది. నాలుగూ 245/40 చూశాము. ఎక్కడా తగల్లేదు. చుట్టుకొలత కంపెనీ ఇచ్చినదానికంటే నూటికి ఒక్క పాలు తక్కువ, కానీ నాలుగింటికీ తక్కువే కాబట్టి డబ్బాకు బాధ లేదు. స్పీడు ముల్లు కాస్త ఎక్కువ చూపిస్తుంది, అంతే. నాలుగూ ఒకే కంపెనీవి, ఒకే నెలలో తయారైనవి ఏరి తెచ్చాము. గాలి సమానంగా పట్టి సుద్దముక్కతో కొలిస్తే నాలుగు చోట్లా 194 వచ్చింది. రేఖ మళ్ళీ టేపు పట్టుకుంది. నాలుగో చక్రం కొలిచేటప్పుడు ఆంజనేయులన్న కూడా వచ్చి వంగి చూశాడు.

ఆదివారం ట్రాక్‌కు వెళ్ళాము. ఎండకు రోడ్డు మీద గుడ్డు వేస్తే ఉడికేలా ఉంది. మూడు చుట్లకొకసారి ఆపి, ప్రతి టైరుకూ లోపలి అంచు, మధ్య, బయటి అంచు ఎంత వేడిగా ఉన్నాయో సూది మీటరుతో చూశాను. మధ్య ఎక్కువ వేడిగా ఉంటే గాలి దించాను. నాలుగోసారికి మూడు చోట్లా దగ్గర దగ్గర వచ్చింది. అభిలాష్ ముందుకంటే మూడు సెకన్లు తక్కువలో తిరిగి వచ్చాడు. స్నేహితుడిని దాటాడో లేదో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. "ఇప్పుడు నేను అనుకున్న తావకే పోతాంది బండి" అన్నాడు.

మధ్యాహ్నం రేఖ రెండు చుట్లు కూర్చుని దిగింది. తర్వాత నన్ను ఎక్కమన్నారు. నేను కాదనాలనుకున్నాను, కానీ బిగించినదాన్ని నేనే కదా, ఎక్కకపోతే బాగుండదనిపించింది. మొదటి మలుపులో కళ్ళు మూసుకున్నాను. పైపులు గుర్తొచ్చాయి, నేను చూడని పైపులు. రెండో మలుపులో తెరిచాను. నాలుగు చక్రాలూ ఒకేలా పట్టుకుని ఉన్నాయి. దిగాక కారు వెనకాల నేల మీద కూర్చుని నీళ్ళు తాగాను.

నీ మీద నాకు కోపం ఉంది చిన్నాయనా. అది రోజూ ఒకేలా ఉండడం లేదు. కొన్ని రోజులు పొద్దున లేచేసరికి ఉండదు, పళ్ళు తోముకునేలోపు వచ్చేస్తుంది. నువ్వు నాకు ప్యాచీ నేర్పినప్పుడు, గాలి పట్టాక నీళ్ళలో ముంచి చూడకుండా ఎవరికీ ట్యూబు ఇవ్వవద్దని చెవి మెలిపెట్టి చెప్పావు. ఎందుకు అంత గట్టిగా మెలిపెట్టావో ఇప్పుడు తెలిసింది. అది తెలిశాక కూడా కోపం పోలేదు. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

అమ్మ ఎట్లా ఉంది? ఫోన్ చేస్తే మోకాళ్ళ గురించి తప్ప ఏమీ మాట్లాడడం లేదు.

కృప

*

నల్లమాడ,
15 మే 2006

పాపా కృపా,

నాలుగు చోట్లా 194 అని రాసిన చోట నీ ఉత్తరాన్ని రెండుసార్లు చదువుకున్నాను. కోపం సంగతి కూడా చదివాను. ఉండనీ. తొందరేమీ లేదు.

పోయిన శుక్రవారం వదిన షాపుకు వచ్చింది. నెల రోజుల తర్వాత రావడం. నేను ట్రాక్టరు టైరు విప్పుతున్నాను. నిలబడే మాట్లాడింది. నాకు వినపడేలా, వీధికి కూడా వినపడేలా.

"ఆదివారం చర్చిలో లేచి నిలబడి చెప్పు. నువ్వు చంపినావని చెప్పొద్దు. ఎనుము కాదని చెప్పు. ఇన్నేండ్లు అందురూ ఆయప్ప రాత అట్లుండె అంటాండారు. రాత కాదు, టైరు అని చెప్పు. వద్దన్నాడని చెప్పు."

నేను సరే అన్నాను. ఆ రెండు రోజులు షాపు తీయడం, మూయడం, మళ్ళీ తీయడం. శనివారం సాయంత్రం పాస్టరు దగ్గరికి పోయి ముందే చెప్పుకున్నాను. ప్రసంగం అయ్యాక సాక్ష్యాల సమయంలో లేవమన్నాడు.

నిన్న లేచాను. మన వీధి గంగక్క, ముసలివాళ్ళు, పిల్లలు అందరూ ఉన్నారు. నా గొంతు నాకు సరిగ్గా వినపడదు కదా, ఎంత గట్టిగా చెప్పానో తెలియదు. టైర్ల ఎత్తు తేడా చెప్పాను. లివరు సంగతి చెప్పాను. మా అన్న ఎర్రన్న బండి తీయవద్దని నాతో చెప్పినాడని, నాతో పాటు నిలబడతానన్నాడని, నేనే బండి తీసినానని చెప్పాను. ఎనుము లేదని చెప్పాను. చెప్పి అట్లే నిలబడ్డాను, కూర్చోవాలని తోచలేదు.  ముందు వరుసలో ఒక ముసలాయన తల వెనక్కు తిప్పి నన్ను చూసి, తర్వాత వదినను చూశాడు. ఆమె కొంగు కూడా సర్దుకోకుండా నిటారుగా కూర్చుని ఉంది. పాస్టరు ప్రార్థన చేశాడు. అప్పుడు కూర్చున్నాను.

అయిపోయాక అందరూ బయటికి పోయారు. కొందరు నా పక్కనుంచే పోయారు. గంగక్క మాత్రం నా భుజం మీద చేయి వేసి తీసింది. నేను చివరన బయటికి వస్తే వదిన మెట్ల దగ్గర నిలబడి ఉంది. నేను చెప్పులు వేసుకునేదాకా నిలబడి, తర్వాత నడిచింది. నేను వెనక నడిచాను. ఇద్దరి మధ్య నాలుగు అడుగుల దూరం. 

మలుపు తిరిగే చోట వెనక్కు చూడకుండానే అంది.

"పాపకు రాయి."

రాస్తున్నాను.

యేసన్న